కాలదోషం పట్టని పది లక్షల పౌండ్లు

ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చిన వాళ్లకు మూడేళ్ల లెక్క బాగా తెలుసు. గడువు దగ్గర పడుతోందంటే బాకీదారు ఇంటికి వెళ్లి, వంద రూపాయలైనా సరే జమ చేయించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ సంతకం మరిచిపోతే నోటుకు కాలదోషం పట్టినట్టే. అప్పు అబద్ధమని కాదు, అడగాల్సిన టైముకు అడగలేదని.

అలాంటప్పుడు 1948లో చేయి దాటిన సొమ్ము గురించి లండన్ కోర్టు 2019లో తీర్పు ఎలా ఇవ్వగలిగింది?

ఆ సొమ్ము ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ నాలుగైదు రోజుల గందరగోళంలోనే, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ ప్రభుత్వ ఖాతా నుంచి డబ్బు తరలించమని నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ ఆదేశమిచ్చాడు. చేరింది అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా పేరిట ఉన్న ఖాతాకు. మొత్తం 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు. ఆ తొమ్మిది షిల్లింగులు కోర్టు కాగితాల్లో ఇన్నేళ్లూ ఎక్కడా రాలిపోలేదు.

నెల తిరక్కముందే, సెప్టెంబర్ 27న, నిజాం బ్యాంకుకు కబురు పెట్టాడు: నా అనుమతి లేకుండా జరిగింది, డబ్బు వెనక్కివ్వండి. ఖాతాదారు ఒప్పుకోకుండా ఇవ్వలేమంది బ్యాంకు. 1954లో నిజాం దావా వేశాడు. మరో దేశ ప్రభుత్వాన్ని ఇక్కడి కోర్టుకు లాగడం కుదరదని పాకిస్తాన్ అడ్డు చెప్పింది. 1957లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టుగానూ ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ మాటకే ఓటేసి దావాను నిలిపేసింది. సొమ్ము ఎవరిదో తేల్చలేదు, తలుపు మాత్రం మూసింది. డబ్బు బ్యాంకులోనే ఉండి వడ్డీ మీద వడ్డీతో దాదాపు 3.5 కోట్ల పౌండ్లయింది.

ఈలోగా హక్కుదార్లు పెరిగారు. 1960ల్లో నిజాం ఈ సొమ్మును మనవళ్లు ముకర్రం జా, ముఫఖం జాల పేర ట్రస్టుగా పెట్టాడు. 1965లో తన హక్కును భారత రాష్ట్రపతికి రాసిచ్చాడు. 1967లో కన్నుమూశాడు. ఒకే సొమ్ముకు రెండు కాగితాలు! ఊళ్లో ఇలా జరిగితే తలలు పగలేవి.

తలుపు తెరిచింది పాకిస్తానే. 2013లో ఆ డబ్బు తమకిమ్మని బ్యాంకు మీద తనే దావా వేసింది. తనే వాదిగా వచ్చాక ‘నన్ను కోర్టుకు లాగకూడదు’ అనే రక్షణ ఎగిరిపోయింది. తర్వాత దావా వెనక్కి తీసుకోవాలని చూసినా కోర్టు ఒప్పుకోలేదు. భారత ప్రభుత్వం, ఇద్దరు మనవళ్లు ముందే రాజీపడి ఒక పక్కన నిలబడ్డారు. అది ఆయుధాల కోసం ఇచ్చిన డబ్బన్న పాకిస్తాన్ వాదనను 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ కొట్టేశారు. ఖాతా రహీంతుల్లా పేర ఉన్నా అందులోది నిజాం సొమ్మేనని, దాని మీద హక్కు మనవళ్లకు, భారత్‌కు ఉందని తేల్చారు. గడువు దాటిపోయిందన్న వాదనా నిలవలేదు. నిలవకపోవడమే న్యాయమని నాకనిపిస్తుంది. దశాబ్దాల పాటు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డవాళ్లే ‘ఆలస్యంగా వచ్చారేం’ అంటే ఎలా?

ఒకరి సొమ్ము మరొకరు నమ్మకంగా పట్టుకున్నప్పుడు, వాళ్ల చేతిలో ఉన్నంతకాలం దానికి కాలదోషం పట్టదన్నది ఇంగ్లిష్ చట్టంలో పాత సూత్రం. మన 1963 లిమిటేషన్ చట్టంలోని 10వ సెక్షనూ దాదాపు అదే చెబుతుంది: ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం ట్రస్టీకి అప్పగించిన ఆస్తిని ట్రస్టీ నుంచో, అతని వారసుల నుంచో రాబట్టుకోవడానికి గడువు లేదు. అయితే డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి ఇది వర్తించదు. పొలం, ఇల్లు లాంటి స్థిరాస్తయితే అతని మీద దావాకు, అమ్మకం సంగతి తెలిసినప్పటి నుంచి పన్నెండేళ్లే.

మఠాలు, దర్గాల దగ్గర ఈ సెక్షన్‌కు ఒక మెలిక పడింది. మఠాధిపతి, ముతవల్లీ (వక్ఫ్ ఆస్తి చూసుకునేవాడు) ఇంగ్లిష్ అర్థంలో ట్రస్టీలు కారని 1921లో, అప్పట్లో మన కేసులకు చివరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ విద్యావరుథి తీర్థ కేసులో చెప్పింది. అంటే వాళ్లు అమ్ముకున్న ఆస్తికి ట్రస్టు రక్షణ లేదన్నమాట. ఆ రంధ్రం పూడ్చడానికి 1929లో చట్టం సవరించి, ధర్మాదాయ ఆస్తి చూసేవాళ్లను ట్రస్టీలుగానే లెక్కించాలన్నారు. వక్ఫ్ ఆస్తులకు 1995 చట్టం ఇంకా ముందుకెళ్లి గడువే లేకుండా చేసింది. 2025 సవరణ దాన్ని తీసేసింది.

మన ఇళ్లలో జనం పొరబడేది మాత్రం వేరే చోట. ‘పొలం అన్నయ్య చూసుకుంటున్నాడు, నమ్మకంగా వదిలేశాం’ అంటారు. ఆ నమ్మకం సెక్షన్ 10 కిందికి రాదు. ట్రస్టు రాయలేదు, ప్రయోజనం చెప్పలేదు. ఉమ్మడి ఆస్తి నుంచి తనను పక్కన పెట్టారని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లలోపు భాగం అడగాలి. అందుకే లాయరు మొదట అడిగేది ‘మీకు హక్కుందా’ అని కాదు, ‘మీకెప్పుడు తెలిసిందమ్మా?’ అని. చెల్లెలు ఆలోచించి, ‘నాన్న చనిపోయిన ఏడాదే అన్నయ్య పాసుపుస్తకం తన పేరుకు మార్పించుకున్నాడండీ’ అంటుంది. లాయరు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెడతాడు.

లండన్‌లోనూ కథ అక్కడికే వచ్చింది. తీర్పు వచ్చాక నిజాం ఇతర వారసులు, వందమందికి పైగా, మాకూ వాటా ఉందని 2020లో అదే కోర్టుకు వెళ్లారు. 71 ఏళ్ల పాత సొమ్ము మీద తీర్పిచ్చిన ఆ జడ్జే, ఏడాదైనా నిండని తన తీర్పును తిరగదోడటం కుదరదన్నారు.