వామి కాలగానే పేరు, కారణం ఆ తర్వాత: నిప్పు కేసుల నేపథ్యం

ఎండలు ముదిరితే ఒంగోలు, కొండపి, ఆత్మకూరు వైపు గడ్డివాములు, పూరిళ్లు, పొగాకు బ్యారన్లు కాలిపోయిన వార్తలు వస్తూనే ఉంటాయి. షార్ట్ సర్క్యూటో, ఆర్పకుండా పారేసిన బీడీయో కారణమై ఉండొచ్చు. కానీ ఊళ్లో గట్టు తగాదా నడుస్తున్నా, పంచాయతీ ఎన్నికల వేడి ఇంకా చల్లారకపోయినా, మంటలు ఆరకముందే ఒక పేరు బయటికొస్తుంది. అదే పేరు ఫిర్యాదులోకి, అక్కడి నుంచి ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కుతుంది. అలా ముద్దాయి అయినవాడికి చట్టంలో ఏ దారులున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఇంగ్లండు పాత సంప్రదాయ చట్టంలో నిప్పు పెట్టే నేరం అంటే ఇంకొకరి నివాసాన్ని తగలబెట్టడమే. మెకాలే కమిషన్ 1837లో ముసాయిదా ఇచ్చి, 1860లో ఆమోదం పొంది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇండియన్ పీనల్ కోడ్ దీన్ని మరో చోట పెట్టింది. ఆస్తికి కావాలని నష్టం చేసే నేరాల్లో ఒకటిగా చేర్చింది. సొంత ఆస్తి తగలబెట్టినా, దానివల్ల ఇంకొకరికి నష్టం చేయాలన్న ఉద్దేశం ఉంటే నేరమే. అన్నదమ్ముల ఉమ్మడి కొట్టం కాలిన కేసుల్లో ఈ ముక్క బాగా పనికొస్తుంది. కాలడం ఒక్కటే చాలదు, నష్టం చేయాలనో, నష్టం జరుగుతుందని తెలిసో నిప్పు పెట్టి ఉండాలి. డిఫెన్సు లాయరు వాదన మొదలయ్యేది ఇక్కడే.

ఆ పీనల్ కోడ్‌లో సెక్షన్ 435 కింద కేసు నిలబడాలంటే నష్టం కనీసం 100 రూపాయలు ఉండాల్సి వచ్చేది. 1882లో సవరణ తెచ్చి, పంట సరుకైతే 10 రూపాయలు చాలన్నారు. శిక్ష ఏడేళ్ల వరకు, బెయిలు హక్కుగా దొరుకుతుంది. ఇల్లు, గుడి, సరుకు దాచే కట్టడం కాలితే సెక్షన్ 436. పదేళ్లు లేదా యావజ్జీవం, నాన్ బెయిలబుల్, విచారణ సెషన్స్ కోర్టులో. ఆ పది రూపాయల లెక్క నూటనలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. పీనల్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 326 రెండింటినీ కలుపుకొని ఆ అంకెలు తీసేసింది. అంతకుముందు జరిగిన ఘటనలకు మాత్రం పాత సెక్షన్లే. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం వేరుగా వర్తిస్తుంది. అందులో ఇల్లు తగలబెట్టడానికి యావజ్జీవం.

ఏ సెక్షన్ అన్నది చిన్న విషయం కాదు. పొగాకు బ్యారన్ సంగతే చూడండి. లోపల కర్రలకు అల్లిన ఆకు వరసలు వరసలుగా వేలాడుతుంది, కింద ఫర్నేస్ వేడిని మోసే రేకు గొట్టాలు. ఈనె ఎండే ఆఖరి దశలో వేడి డెబ్బై డిగ్రీల దాకా పోతుంది. కర్ర నుంచి ఒక్క ఎండాకు జారి గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. రాత్రి కాపలా ఉన్న కూలీ కునుకు తీస్తే అది అజాగ్రత్త. పాత కోడ్ సెక్షన్ 285, ఇప్పటి సంహిత సెక్షన్ 287 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా. అదే పక్కవాడు అంటించాడంటే, సరుకు దాచే కట్టడం కాబట్టి యావజ్జీవం దాకా పోయే కేసు అని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. బూడిద మాత్రం రెండింటికీ ఒకేలా ఉంటుంది.

ఆధారాలు కాలిపోతాయి కనుక పోలీసులు రికవరీ మీద ఆధారపడతారు. ముద్దాయి చూపించాడంటూ చిల్లచెట్ల వెనక నుంచి కిరోసిన్ డబ్బా తీస్తారు, వీఆర్వోతో మధ్యవర్తుల నివేదిక మీద సంతకం పెట్టిస్తారు. పోలీసు ముందు ఇచ్చే ఒప్పుకోలు చెల్లదని 1872 సాక్ష్య చట్టమే చెప్పింది. అయితే ఆ మాటల వల్ల ఏదైనా దొరికితే, దొరికినదానికి సంబంధించిన మాట వరకు చెల్లుతుందని సెక్షన్ 27లో ఒక సందు వదిలింది. ఆ సందు ఎంత వెడల్పో తేల్చిన తీర్పు మన పక్క నుంచి వెళ్లిన కేసుదే. గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలైన పులుకూరి కోటయ్య కేసులో అప్పట్లో మన దేశానికి ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1946 డిసెంబరులో తీర్పు చెప్పింది. అప్పటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉంది. ఆ తీర్పు ప్రకారం డబ్బా అక్కడుందని ముద్దాయికి తెలుసన్నంత వరకే సాక్ష్యం, దానితోనే నిప్పు పెట్టానన్న మాట సాక్ష్యం కాదు. రైతు కొట్టంలో కిరోసిన్ డబ్బా దొరకడం వింతేమీ కాదని నెమ్మదిగా అడిగే లాయరుకు ఇదే ఆసరా. కొత్త సాక్ష్య అధినియమంలోనూ ఈ నిబంధన ఉంది.

ఇక పాత కక్షలు. పోలీసులకు అది కారణం, డిఫెన్సుకు అబద్ధపు ఇరికింపు. కోర్టులు కక్షను రెండువైపులా పదునున్న కత్తి అంటూ వచ్చాయి. కళ్లారా చూసినవాళ్లు లేకపోతే శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు 1984లో చెప్పిన ప్రమాణం వర్తిస్తుంది. పరిస్థితుల సాక్ష్యాల గొలుసులో ఒక్క లింకు తెగినా అనుమానం ముద్దాయికే లాభం. ఆ రాత్రి ఊళ్లో లేనని చెబితే మాత్రం నిరూపించే భారం అతనిదే. సీసీటీవీ ఫుటేజీ తెచ్చినా, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే సర్టిఫికెట్ లేకుండా చెల్లదు, చాలామంది అక్కడే బోల్తాపడతారు.

ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలని సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత అంటోంది. రాష్ట్రాలకు అయిదేళ్ల గడువిచ్చింది. వామి కేసు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. నా అభిప్రాయంలో ఇది ముద్దాయికీ, నష్టపోయిన రైతుకీ ఇద్దరికీ మేలే, నిపుణుడు బూడిద చల్లారకముందే వస్తే.

ఊళ్లో అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. పెద్దమనుషులు కూర్చోబెట్టి నష్టపరిహారం ఇప్పిస్తారు, రెండు వర్గాలూ చేతులు కలుపుతాయి. కానీ నిప్పు కేసు చట్టప్రకారం రాజీకి వీల్లేనిది, ఫిర్యాదుదారు వద్దన్నా పోదు. రాజీ కుదిరితే ఇలాంటి కేసును కూడా హైకోర్టు కొట్టేయొచ్చన్న జ్ఞాన్ సింగ్ కేసులో 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పును పట్టుకుని అమరావతి హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమనే అర్జీ) వేయొచ్చు, అది కూడా తీవ్రమైన నేరం కాకపోతేనే. ఆ ఖర్చు పెట్టుకోలేనివాళ్లు వాయిదాలు తిరుగుతూ ట్రయల్ దాకా ఆగుతారు. అప్పుడు సాక్షులు బోనెక్కి తమకేమీ తెలియదంటారు, వాళ్లను హోస్టైల్‌గా, అంటే ఎదురుతిరిగిన సాక్షులుగా ప్రకటిస్తారు, కేసు కొట్టేస్తారు.