రసీదు చించితే రిజిస్టర్ పోదు

తెనాలి.

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ముప్పై ఎనిమిదేళ్లు పోస్టాఫీసులో పనిచేసినవాణ్ణి, ఈ రెండు ముక్కలూ రాయకపోతే నాకు కలం ముందుకు సాగదు. నవ్వుకోండి, ఫర్వాలేదు.

బుజ్జీ, మొన్న ఫోన్లో నువ్వన్నావు: "రోజూ రాత్రి ఫోన్ బ్రౌజర్‌లో హిస్టరీ మొత్తం క్లియర్ చేసేస్తున్నా తాతయ్యా, ఇక సేఫే కదా?" అప్పుడు ఊ కొట్టేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మా రోజుల్లో కౌంటర్లో రిజిస్టర్ ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకున్నావనుకో. ఇంటికెళ్లి ఆ రసీదు చించేస్తే మా రిజిస్టర్‌లో ఎంట్రీ పోతుందా? హిస్టరీ కూడా అంతే. నువ్వు చూసిన సైట్ల పేర్లు బ్రౌజర్ రాసిపెట్టుకునే జాబితా అది, నీ దగ్గరున్న రసీదుల కట్ట. చించితే మీ అమ్మ కంట పడదు (నీ అసలు టెన్షన్ అదేనని నాకు తెలుసులే). నువ్వు వెళ్లిన సైట్ల దగ్గరుండే ఎంట్రీలు మాత్రం ఎక్కడికీ పోవు. గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయి వెతికితే, అక్కడ 'మై యాక్టివిటీ' అని వేరే రిజిస్టరే ఉంటుంది. ఒకసారి తెరిచి చూడు, నువ్వే మర్చిపోయినవన్నీ తేదీలతో సహా కనబడతాయి. వాటిని అక్కడే చెరపాలి, ఇకమీదట రాయకుండా ఆపే మీట కూడా అక్కడే ఉంది.

ఇన్‌కాగ్నిటో (గూగుల్ వాళ్ల క్రోమ్ బ్రౌజర్‌లోని రహస్య కిటికీ) సంగతీ అంతే. ఆ నల్ల తెర చూసి ఎవరికీ కనబడట్లేదని అనుకుంటారు. నీ ఫోన్ గుర్తుపెట్టుకోదు, అంతే. కాలేజీ వైఫై వాళ్లకీ, నెట్ కంపెనీకీ, ఆ సైట్‌కీ నువ్వు వచ్చినట్టు తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయం మీద అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా వేశారు. 2024లో రాజీ కుదిరి, కోట్లాది రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. చెరిపేస్తామన్నారంటే, అప్పటిదాకా ఉన్నట్టే కదా!

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. మీ అమ్మకి చెప్పొద్దు.

పోయినేడు రైలు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని ఫోన్లో ఏదో సైట్ తెరిచాను. 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని పైన చిన్న డబ్బా వచ్చింది. రైలు కబురు చెబుతాడేమో అనుకుని 'అలౌ' నొక్కాను. మర్నాడు తెల్లవారుజామున ఫోన్ ఒకటే మోత. "మీ ఫోన్లో అయిదు వైరస్‌లు ఉన్నాయి", "మీ బ్యాంకు ఖాతా ప్రమాదంలో ఉంది" అంటూ ఎర్ర బొమ్మలతో వరసగా. మీ అమ్మమ్మ ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టేసింది. నీళ్లలో పడ్డ ఫోన్‌కి చేసే వైద్యం ఇది, వైరస్‌కీ పనికొస్తుందనుకుంది పాపం. నేను బజార్లో ఒక సెల్ షాపుకి పరిగెత్తాను. అతను యాంటీవైరస్ యాప్ ఒకటి వేసి అయిదొందలు తీసుకున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే మళ్లీ మోత.

చివరికి పక్కింటి ఇంటర్ కుర్రాడు రెండు నిమిషాల్లో ఆపాడు. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ నేను ఒప్పుకున్న సైట్ల పేర్లు బారుగా ఉన్నాయి. నోరు తిరగని పేరొకటి చూపించి, దానికి ఇచ్చిన అనుమతి తీసేశాడు. మోత ఆగిపోయింది. ఫోన్లో వైరస్ లేదు, ఏమీ లేదు. అసలు మన ఫోన్లో వైరస్ ఉందో లేదో ఆ సైట్‌వాడికి కనబడదు కూడా. గుమ్మంలో నిలబడి అరవడానికి నేనే పర్మిషన్ ఇచ్చాను, వాడు అరిచాడు. ఆ సందేశాల్లో ఏదో ఒకటి నొక్కి ఉంటే కథ వేరేలా ఉండేది.

అందుకే హిస్టరీ చెరపడం కంటే ఈ సైట్ సెట్టింగ్స్ పేజీ మీద కన్నేయమంటాను. లొకేషన్, కెమెరా, మైక్ అన్నీ అక్కడే ఉంటాయి. లొకేషన్ అడిగినప్పుడు 'ఈసారికి మాత్రమే' అనే వీలు కూడా ఉంటుంది, నాకు అది బాగా నచ్చింది. వాతావరణం చూపేవాడికి ఊరి పేరు చాలు, మన వీధి దేనికి?

చిన్నా, నీ ప్రశ్న మర్చిపోలేదు. ప్రతి సైట్‌లోనూ అడిగే ఈ కుకీలేమిటన్నావు. గుడి బయట చెప్పుల స్టాండ్‌లో టోకెన్ ఇస్తారు చూడు, అది. సైట్‌కి మతిమరుపు ఎక్కువ. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేసరికి నువ్వెవరో మర్చిపోతుంది. అందుకని 1994లో నెట్‌స్కేప్ అనే అప్పటి బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఈ టోకెన్ పద్ధతి కనిపెట్టాడు. బుట్టలో వేసుకున్న వస్తువులు నీవేనని సైట్‌కి తెలిసేది దానివల్లే. ఇంతవరకూ మంచిదే.

చిక్కు థర్డ్ పార్టీ కుకీలతో, అంటే నువ్వు తెరిచిన సైట్ కాక వేరేవాళ్లు ఇచ్చే టోకెన్లతో. ఒకే మనిషి ఊళ్లో ప్రతి కొట్టు ముందూ బల్ల వేసుకుని, నీకిచ్చిన అదే టోకెన్ చూసి రాసుకుంటున్నాడనుకో. పొద్దున మందుల షాపు, మధ్యాహ్నం పుస్తకాల కొట్టు, సాయంత్రం బజ్జీల బండి, అన్నీ వాడి చిట్టాలో ఒకే పేరు కింద చేరతాయి. బూట్లు ఒక సైట్‌లో చూస్తే క్రికెట్ స్కోరు పక్కన అవే బూట్లు కనబడేది చాలావరకు ఇందుకే. యాపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీ 2020 నుంచే వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్ 2022 నుంచి ఏ సైట్ టోకెన్ ఆ సైట్‌లోనే చెల్లేలా చేసింది. క్రోమ్ మాత్రం రెండేళ్లలో తీసేస్తామని 2020లో చెప్పి, వాయిదాల మీద వాయిదాలేసి, 2024లో మాట వెనక్కి తీసుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ కదా, నాకేమీ ఆశ్చర్యం వేయలేదు. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీల దగ్గర 'బ్లాక్' అని తామే పెట్టుకోవాలి. ఎప్పుడైనా ఒకటీ అరా సైట్ మొరాయిస్తే దానికొక్కదానికే సడలించొచ్చు.

ఇక బ్రౌజర్‌లో సైట్ అడ్రస్ పక్కన కనబడుతూ వచ్చిన తాళం బొమ్మ. అడ్రస్‌కి ముందు హెచ్‌టీటీపీ అని మాత్రమే ఉంటే అది పోస్టుకార్డు. సార్టింగ్‌లో మేమంతా చదివేవాళ్లం, అబద్ధమెందుకు. చివర ఎస్ కూడా ఉంటే అంటించిన కవరు, తాళం బొమ్మకి అర్థం అదే. కవరు మీద అడ్రస్ మాత్రం దారిలో వాళ్లకి కనబడుతుంది, లోపలి మాట కనబడదు. 'ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్' అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, పోస్టుకార్డు సైట్ తెరిచే ముందు బ్రౌజర్ నిన్ను ఆపి అడుగుతుంది. కానీ కవరు ఎవరైనా కొనుక్కోవచ్చు, దొంగ కూడా. తాళం ఉంది కదా మంచి సైటే అని జనం మోసపోతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మనే మార్చేసింది. కాబట్టి అడ్రస్‌లో బ్యాంకు పేరు అక్షరం అక్షరం చదువుకోండి.

బుజ్జీ, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అప్లికేషన్‌కి నెట్ సెంటర్‌కి వెళ్తావు కదా. పాస్‌వర్డ్ దాచుకోమంటారా అని అక్కడి బ్రౌజర్ అడిగితే 'నెవర్' నొక్కు. లేచే ముందు లాగౌట్ అవ్వు. ఇంట్లో బ్రౌజర్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయొద్దు.

ఈ ఆదివారం మీ అమ్మ ఫోన్ తీసుకుని నోటిఫికేషన్ల చిట్టా తెరవండి. ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టి నాకు రాయండి. నా ఫోన్లో పదిహేడు తేలాయి. పదహారు తీసేశాను. మిగిలినదాన్ని మాత్రం అమ్మమ్మ తీయనివ్వలేదు, రోజూ పొద్దున్నే బంగారం ధర చెబుతుందట.

ఆశీస్సులతో,
తాతయ్య