వెలుతురు ముందు, వెచ్చదనం వెనక

బ్రిటన్‌లో మార్చి 20కీ సెప్టెంబరు 22కీ సూర్యుడి లెక్కలో తేడా దాదాపు లేదు. రెండు రోజుల్లోనూ పగలు పన్నెండు గంటలకు అటూ ఇటూ. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎక్కే ఎత్తూ ఒకటే. కానీ సెప్టెంబరులో మట్టిలో వేలు పెడితే ఇంకా వెచ్చగా తగులుతుంది, మార్చిలో అదే వేలు కొంకర్లు పోతుంది. అక్కడ అలాట్‌మెంట్ చేసుకునేవాళ్ల వసంతమంతా ఈ తేడాతో పడే తంటాలే. ఆ తంటాలోనే సరదా కూడా ఉంది.

అలాట్‌మెంట్ అంటే కూరలు, పళ్లు పండించుకోవడానికి ఎక్కువగా స్థానిక కౌన్సిలే తక్కువ అద్దెకిచ్చే చిన్న సాగుముక్క. అడిగినవాళ్లకి ఇలాంటి నేల చూపించే బాధ్యతను 1908 నాటి చట్టం కౌన్సిళ్ల మీద పెట్టింది. పూర్తి ప్లాటు పాత కొలతలో 10 రాడ్లు, అంటే సుమారు 250 చదరపు మీటర్లు. మన లెక్కలో 300 గజాలు! మనవాళ్లయితే ఇల్లు కట్టేసి, ముందు రెండు షట్టర్లు కూడా దించేస్తారు. ఇప్పుడు వెయిటింగ్ లిస్టులు పెరిగిపోయి చాలాచోట్ల సగం ప్లాటే ఇస్తున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఆ క్యూలో నిలబడి ప్లాట్లు తీసుకుని మెంతికూర, కొత్తిమీర చల్లుకుంటున్నాయి.

మట్టి ఎందుకు ఇంత ఆలస్యంగా వేడెక్కుతుంది? ముఖ్యంగా నీళ్ల వల్ల. చలికాలమంతా వానలు పడి నేల నానిపోయి ఉంటుంది. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే, అంతే బరువున్న పొడి మట్టికి కావలసిన వేడికి దాదాపు ఐదు రెట్లు కావాలి. పైగా ఆ నీరు ఆవిరవుతూ వచ్చిన వేడిలో కొంత పట్టుకుపోతుంది. అందుకే లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేలలు బద్ధకంగా లేస్తాయి, ఇసుక నేలలు త్వరగా ఆరి ముందే సిద్ధమవుతాయి. బ్రాడ్ బీన్స్ అనే చిక్కుడు లాంటి రకం గింజలు నేల 5 డిగ్రీలకి చేరితే చాలు, కదులుతాయి. ఫ్రెంచ్ బీన్స్‌కి 12 దాకా కావాలి, అంతకన్నా చల్లటి తడిమట్టిలో పడితే మొలవకుండా కుళ్లిపోతాయి. వెనకటి రైతులు నేల కాగిందో లేదో చూడటానికి ప్యాంటు విప్పి మట్టి మీద కూర్చునేవాళ్లని ఒక కథ చెప్తారు. పక్క ప్లాటు వాళ్లతో మర్యాదగా ఉండాలనుకుంటే మోచేయి ఆనించి చూసినా తెలుస్తుంది.

వెలుతురు మాత్రం ఆగదు. మార్చి చివర్లో లండన్‌లో పగలు రోజుకి 4 నిమిషాల చొప్పున పెరుగుతుంది. హైదరాబాద్‌లో అదే రోజుల్లో పెరిగేది ఒక్క నిమిషం, అందుకే మనకది తెలియదు. దానికి తోడు మార్చి ఆఖరి ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. నడిచలికాలంలో పిల్లలు ఇల్లు చేరి టీ తాగేలోపే చీకటి పడే చోట, ఇప్పుడు స్కూలయ్యాక అందరూ తోటకి వెళ్లొచ్చేంత పొద్దు మిగులుతుంది. నన్నడిగితే వసంతంలో అన్నిటికన్నా పెద్ద సుఖం ఇదే.

ఈలోగా ఇంట్లో కిటికీ గూళ్లన్నీ నిండిపోయి ఉంటాయి. ఫిబ్రవరిలోనే కోడిగుడ్ల అట్టల్లో విత్తన బంగాళాదుంపలు కళ్లు పైకి పెట్టి పేరుస్తారు. పిల్లలకి ఇష్టమైన పని. వెలుతురులో వచ్చే మొలకలు పొట్టిగా, లావుగా, ఊదారంగు కలిసిన పచ్చగా ఉంటాయి. చీకటి అల్మారాలో మర్చిపోయిన దుంపకైతే తెల్లగా, పొడుగ్గా, ముట్టుకుంటే విరిగేలా వస్తాయి. ఇంకా మట్టిలోనే ఉన్నాననుకుని, వెలుతురు తగిలేదాకా పొడవు పెరగడం మీదే శక్తంతా పెడుతుంది ఆ మొలక. వీటిని గుడ్ ఫ్రైడే నాడు నాటడం ఆనవాయితీ. సెలవు రోజు కాబట్టి ఇంటిల్లిపాదీ పారలు పట్టుకుని వస్తారు. కాకపోతే గుడ్ ఫ్రైడే మార్చి 20 నుంచి ఏప్రిల్ 23 దాకా ఎప్పుడైనా రావచ్చు, నేల ఆ క్యాలెండర్ చూడదు.

చిత్రమేమిటంటే, తోట ఇంత పచ్చగా కనిపించే ఏప్రిల్, మే నెలల్లోనే తినడానికి దొరికేది తక్కువ. చలికాలపు కూరలు అయిపోతాయి, కొత్తవి ఇంకా మొలకలు. దొరికే ఆ కాసినీ నిరుటి ఎండ చలవే. ఊదారంగు బ్రోకలీ కిందటేడు నాటింది, చలి తగిలాకే మొగ్గ తొడుగుతుంది. పుల్లటి కాడల కోసం పెంచే రుబార్బ్ అనే మొక్క అయితే కిందటి వేసవిలో దుంపలో దాచుకున్న పిండిపదార్థం మీద లేస్తుంది. దాని మీద బుంగ బోర్లిస్తే చీకట్లో కాడలు పొడుగ్గా, లేతగా, గులాబీరంగులో వస్తాయి. బంగాళాదుంపలో మనకి వద్దనిపించిన లక్షణమే ఇక్కడ కోరి తెప్పించుకుంటారు. పశ్చిమ యార్క్‌షైర్‌లో చీకటి షెడ్లలో దీన్ని పెంచి, కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు.

ఆ పులుపు మన నాలుకకి కొత్త కాదు. రుబార్బ్‌తో పప్పు, పచ్చడి చేసుకునే తెలుగు ఇళ్లున్నాయి. ఒక్క జాగ్రత్త: గోంగూరలో ఆకు తిని కాడ పారేస్తాం, ఇందులో కాడ తిని ఆకు పారేయాలి. ఆకులో ఆక్సాలిక్ ఆమ్లం మరీ ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆకులు తిని చనిపోయినవాళ్లున్నారు.

అసలు గోంగూర కావాలంటే గ్రీన్‌హౌస్ ఉండాల్సిందే. మే నెల మధ్య దాకా, మబ్బులేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తే తెల్లారేసరికి మంచు కాటేస్తుంది. దాన్ని దాటితే బాగానే పెరుగుతుంది. గోంగూర పగళ్లు కురచైతేనే పూత పడుతుంది కాబట్టి, 16 గంటల జూన్ పగళ్లలో ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. చివరికి పూతకొచ్చేసరికి చలి ముంచుకొస్తుంది, గింజ ముదరదు. వచ్చే ఏటికి విత్తనం మళ్లీ కొనుక్కోవాల్సిందే.