ఆరు గేర్లని ఐదు గేర్లు ఎలా ఓడించాయి?

2006లో పోర్షే కొత్త 911 టర్బో స్పోర్ట్స్ కారుని తెచ్చినప్పుడు దాని అంకెల పట్టికలో ఒక వింత కనిపించింది. ఇంజిన్ ఒకటే, 480 హార్స్‌పవర్. ఆరు గేర్ల మాన్యువల్ బండి సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 3.9 సెకన్లు తీసుకుంటే, ఐదే గేర్లున్న, బరువు కూడా ఎక్కువైన టిప్‌ట్రానిక్ ఆటోమేటిక్‌కి 3.7 సెకన్లు చాలాయి. ఆటోమేటిక్ అంటే ట్రాఫిక్‌లో ఎడమ కాలికి సుఖమే కానీ పికప్ ఉండదని అనుకునేవాళ్లకి ఇది మింగుడుపడని సంగతి.

కారణం టర్బో స్వభావంలోనే ఉంది. ఇంజిన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి చివర ఉన్న ఇంకో చక్రం గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. పూర్తి జోరులో ఇవి నిమిషానికి లక్ష చుట్లు దాటేస్తాయి. ఆ జోరు వచ్చేదాకా మన కాలి కింద ఉన్నది మామూలు ఇంజినే. తొక్కిన క్షణానికీ బండి లాగే క్షణానికీ మధ్య ఉండే ఆ ఎదురుచూపే టర్బో ల్యాగ్.

ఈ ల్యాగ్‌కి పేరుమోసిన కారు 1975 నాటి మొదటి 911 టర్బో. దానికి నాలుగే గేర్లు. మామూలు 911లోని ఐదు గేర్ల పెట్టె టర్బో టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, తట్టుకోలేదు కాబట్టి గట్టి నాలుగు గేర్ల పెట్టెని కట్టారు. అందులో ఫస్ట్ గేరు నిష్పత్తి 2.25, సెకండ్ 1.304: గేరు పెట్టె అవతలి ఇరుసు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లివి. ఇంజిన్ 6,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉండగా ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారిస్తే ఆర్‌పీఎం ముల్లు దాదాపు 3,770కి పడిపోతుంది. 1978లో వచ్చిన 3.3 లీటర్ల ఇంజిన్‌కి గరిష్ఠ టార్క్ దొరికేది 4,000 దగ్గర. అంటే ఫస్ట్ నుంచి సెకండ్‌కి మార్చిన ప్రతిసారీ టర్బో గుమ్మం బయటికి వెళ్లి నిలబడుతుందన్నమాట. ఐదో గేరు 1989లో గానీ రాలేదు, అదీ ఆ తరం కారు ఆఖరి ఏడాది.

మన ఘాట్ రోడ్ల మీద చిన్న టర్బో పెట్రోల్ కారు నడిపినవాళ్లకి ఇదేం కొత్త కాదు. మలుపులో మూడో గేరులోనే ఉండిపోతే ఎంత తొక్కినా బండి మూలుగుతుందే కానీ లాగదు. రెండుకి దించితే ఒక్క క్షణం ఆగి దూసుకుపోతుంది.

అలాగని గేర్లు మరీ పొట్టిగా, అంటే కొద్ది వేగానికే ఇంజిన్ చాలా చుట్లు తిరిగేలా, ఉన్నా లాభం లేదు. పొగ దండిగా రావాలంటే ఇంజిన్ తిరిగితే చాలదు, బరువు లాగుతూ తిరగాలి. పొట్టి ఫస్ట్ గేరులో ముల్లు ఇట్టే ఎర్రగీత (ఇంజిన్ చుట్ల గరిష్ఠ హద్దు) దగ్గరికి పోతుంది, టర్బో మేలుకునేలోపే ఆ గేరు అయిపోతుంది. అందుకే ఆ నాలుగు పొడవాటి గేర్లని పూర్తిగా తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఇక 2006 చిక్కుముడి. మాన్యువల్‌లో గేరు మార్చాలంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. పొగ తగ్గుతుంది, టర్బో నెమ్మదిస్తుంది, మళ్లీ పుంజుకోవాలి. ఆటోమేటిక్‌లో కాలు తీసే పనే లేదు. పైగా అందులో క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది: నూనెలో ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్యాన్ల లాంటిది. ఎడమ కాలితో బ్రేకు నొక్కిపెట్టి కుడి కాలితో తొక్కితే బండి కదలదు, కానీ ఇంజిన్ ఆ నూనెతో కుస్తీ పడుతుంది. ఆ కుస్తీయే టర్బోకి కావలసిన బరువు. బ్రేకు వదిలేసరికి టర్బో సిద్ధంగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఇంజిన్ టార్క్‌ని కన్వర్టర్ పెంచి ఇస్తుంది కూడా.

నిజానికి కాలు తీయకుండా గేరు మార్చే ఈ కిటుకు పోర్షేకి ఇరవై ఏళ్ల ముందే తెలుసు. 1980లలో 956, 962 రేసు కార్లలో రెండు క్లచ్‌ల పీడీకే పెట్టెని పరీక్షించారు. ఒక క్లచ్ ఇప్పటి గేరుని పట్టుకుని ఉండగానే రెండోది తర్వాతి గేరుతో తయారుగా ఉంటుంది. డ్రైవర్ కాలు తీయకుండానే గేరు మారుతుంది, టర్బో ఒత్తిడి పడిపోదు. 1986లో ఇటలీలోని మోంజా రేసుని ఈ పెట్టె ఉన్న 962 గెలిచింది. రోడ్డు మీద తిరిగే 911కి అది 2008లో గానీ రాలేదు. మరో ఐదేళ్లకి, 2013లో వచ్చిన 911 టర్బోలో క్లచ్ పెడలే లేదు.