ఓడెక్కే పాలెట్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ శివార్లలోనో గుంటూరు పక్కనో తయారైన పచ్చళ్ళు, కారప్పొడులు, మసాలాలు అట్టపెట్టెల్లోకి, పెట్టెలు పాలెట్ల (సరుకు పేర్చే చెక్క బల్లల) మీదికి, పాలెట్లు కంటైనర్‌లోకి ఎక్కి అమెరికాకో ఐరోపాకో వెళ్తుంటాయి. కొత్తగా ఎగుమతిలోకి దిగినవాళ్ళు ఫార్వార్డర్‌ని (ఓడలో జాగా కుదిర్చి సరుకు పంపించే ఏజెంటుని) మొదట అడిగేది "ఓడ కిరాయి ఎంత?" అని. అంతకంటే ముందు టేపు తీసుకుని పెట్టెను కొలవాలి. కిరాయి, బరువు, తేమ, బీమా లెక్కలన్నీ ఆ కొలత వెనకాలే నడుస్తాయి.

అపోహ: పెట్టె సైజు ప్యాకింగ్ వాళ్ళ పని, కంటైనర్ సంగతి ఫార్వార్డర్ పని

ఇద్దరూ ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేస్తారు. మధ్యలో సరుకు మిగిలిపోతుంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు దాదాపు 5,898 మిల్లీమీటర్లు, వెడల్పు 2,352. మనం ఎక్కువగా వాడే పాలెట్ 1200 × 1000. రెండు పాలెట్లను 1200 వైపు అడ్డంగా పక్కపక్కన పెడితే 2,400 అవుతుంది, పట్టవు. రెండిటినీ 1000 వైపు అడ్డంగా పెడితే పొడవునా నాలుగు జతలు, అంటే ఎనిమిది. మిగిలిన జాగాలో ఇంకొకటి తిప్పి పెడితే తొమ్మిది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పది పట్టించే పద్ధతి ఉంది. ఎడమ వరసలో లోపలి నుంచి మూడు పాలెట్లను 1200 వైపు కంటైనర్ పొడవునా, తర్వాత రెండిటిని 1000 వైపు పొడవునా పెట్టాలి. కుడి వరసలో దీనికి తిరగేసి, ముందు మూడు 1000 పొడవునా, తర్వాత రెండు 1200 పొడవునా. ఎడమ వరస 5,600, కుడి వరస 5,400. అడ్డంగా ఎక్కడ కొలిచినా 2,200 దాటదు.

ఇప్పుడు పెట్టె. 400 × 300 పెట్టెలు ఈ పాలెట్ మీద పొరకి పది, అంగుళం వృథా లేకుండా కూర్చుంటాయి: 400 వైపు పొడుగ్గా మూడేసి చొప్పున రెండు వరసలు, మిగిలిన 400 జాగాలో తిప్పి నాలుగు. పెట్టె ఎత్తు 250 అయితే ఏడు పొరలకి 1,750, పాలెట్ ఎత్తు 150 కలిపితే 1,900. పాలెట్‌కి 70 పెట్టెలు, కంటైనర్‌కి 700.

అదే పెట్టెను "పౌచ్‌లు కాస్త వదులుగా పడతాయి" అని 420 × 320 చేశారనుకోండి. పెరిగింది 20 మిల్లీమీటర్లే. కానీ పాలెట్ మీద పేర్చేసరికి సరుకు కొలత 1280 × 1060 అవుతుంది. చెక్క దాటి పొడవు చివర్లలో 40, పక్కల 30 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. ఎడమ వరస లెక్క మళ్ళీ వేయండి: మూడు 1280లు, రెండు 1060లు కలిపి 5,960. కంటైనర్ పొడవు 5,898. 62 మిల్లీమీటర్ల దగ్గర పదో పాలెట్ ఆగిపోతుంది, 70 పెట్టెలు గోడౌన్‌లోనే ఉండిపోతాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్ (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) అన్నీ 700 అని చెప్తుంటాయి. లారీ గేటు దగ్గర నిలబడి ఉండగా వాటిని దిద్దించడం ఎంత యాతనో పడినవాళ్ళకే తెలుసు.

అందుకని ప్యాకింగ్ వాళ్ళిచ్చే ఖాళీ పెట్టె కొలతను నమ్మకండి. సరుకు నింపి, టేపు వేసి, ఒక రాత్రి బరువు కింద ఉంచి, ఉబ్బిన చోట బయటి కొలత తీసుకోండి. పౌచ్‌లు నింపిన పెట్టె పక్కలకి ఉబ్బకుండా ఉండదు.

పై పద్ధతిలో పాలెట్లు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఉంటాయి కాబట్టి ఫోర్కులు నాలుగు వైపుల నుంచీ దూరే పాలెట్ కావాలి. రెండు వైపులే తెరిచి ఉన్న పాలెట్ తెస్తే తిప్పిపెట్టినవాటిని తలుపు వైపు నుంచి ఎత్తడం కుదరదు. ఇక్కడ హమాలీలు ఎలాగో తోసి పెట్టినా అవతల దించేవాళ్ళు చేతులెత్తేస్తారు.

అపోహ: చెక్క మీద హెచ్‌టీ ముద్ర ఉంటే ఇక చూడక్కర్లేదు

ఆ ముద్ర చెప్పేది ఒక్కటే: చెక్కను నడిమధ్య వరకు 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని, లోపల పురుగు బతికి లేదని. ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం అడిగేది అంతే. ముద్రలో గోధుమ కంకి గుర్తు, మన దేశానికి ఐఎన్ అనే అక్షరాలు, వేడి చేసిన సంస్థ నంబరు, హెచ్‌టీ అన్నీ చదవగలిగేలా ఉండాలి. సగం చెరిగిపోయిన ముద్ర లేనట్టే.

ఆ ముద్ర చెప్పనివి రెండున్నాయి. ఒకటి, చెక్క ఆరిందని కాదు. వేడి చేసిన చెక్క పచ్చిగానే బయటికి రావచ్చు, వానలో మళ్ళీ తడవచ్చు. తేమ కొలిచే మీటరు పెద్ద ఖరీదు కాదు. 20 శాతం దాటిన పాలెట్‌ని ఆహార సరుకు కింద పెట్టకండి. ఆ తడి నేరుగా అడుగు పెట్టెల్లోకి ఎక్కి బూజు పడుతుంది.

రెండోది ఇంకా తరచుగా జరిగేది. పాలెట్లన్నీ ముద్రతోనే ఉంటాయి. స్టఫింగ్ (కంటైనర్ నింపడం) చివర్లో సరుకు కదులుతోందని ఎవరో పక్కనున్న చెక్కముక్కను ఆప్‌గా (కదలకుండా ఆపే అడ్డుగా) కొట్టి పెడతారు. ఆ ముక్కకీ ఇదే నియమం వర్తిస్తుంది. అమెరికా కస్టమ్స్ కంట్లో పడితే మొత్తం కంటైనర్‌ని తిప్పి పంపమనవచ్చు, ఖర్చంతా మనదే. మరమ్మతు చేసిన పాలెట్లలో కొత్తగా వేసిన పలక మీద విడిగా ముద్ర ఉందో లేదో కూడా చూడాలి. మూడో వంతుకి మించి పలకలు మార్చితే పాత ముద్రలన్నీ చెరిపేసి మళ్ళీ వేడి చేసి కొత్త ముద్ర వేయాల్సిందే.

ప్లైవుడ్‌కి, 6 మిల్లీమీటర్లో అంతకంటే తక్కువో మందం ఉన్న చెక్కకి, ప్లాస్టిక్‌కి ఈ బెడద లేదు. అయితే పైన ప్లైవుడ్, కింద మామూలు చెక్క దిమ్మెలు ఉన్న పాలెట్ అయితే ఆ దిమ్మెలకి ముద్ర కావాలి.

అపోహ: ఇటుకల్లా జోడించి పేరిస్తేనే గట్టిగా నిలబడుతుంది

ఒరగకుండా నిలబడుతుంది, నిజమే. కింది పెట్టె మాత్రం నలుగుతుంది. అట్టపెట్టె బలమంతా నాలుగు మూలల్లో ఉంటుంది. మూల మీద మూల పడితే ఏడు పొరల బరువు నిలువుగా నేలకి దిగుతుంది. ఇటుకల పద్ధతిలో పై పెట్టె మూల కింది పెట్టె నడుమ పడుతుంది, అక్కడ మోయడానికి ఏమీ లేదు. చెక్క దాటి బయటికి వచ్చిన పెట్టెకీ ఇదే గతి, దాని మూలలు గాలిలో ఉంటాయి. దీనికి సముద్రం మీది తేమ తోడైతే అట్ట మెత్తబడి మిగిలిన బలం కూడా పోతుంది. పొడి గోడౌన్‌లో నెలరోజులు చెక్కుచెదరని దొంతర ఓడలో కుంగిపోవడానికి కారణం ఇదే.

మూల మీద మూల పేర్చండి. ఒరుగుతుందన్న భయం ఉంటే పై పొర ఒక్కటే ఇటుకల్లా జోడించండి, నాలుగు మూలలకి అట్ట కోణాలు పెట్టి పట్టీలు బిగించండి. స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు పాలెట్ చెక్కను కూడా కలిపి వేయాలి. పెట్టెలకి మాత్రమే చుడితే సరుకంతా ఒక ముద్దలా పాలెట్ మీది నుంచి జారుతుంది. ఇది చేతితో తోసి చూస్తే తెలిసిపోతుంది: పై పొరను నెట్టినప్పుడు పాలెట్ కూడా కదలాలి.

అపోహ: కాస్త ఖాళీ ఉంటే సరుకుకి గాలి ఆడుతుంది

కంటైనర్‌లో ఖాళీ అంటే సరుకు పరుగెత్తే జాగా. ఓడ పక్కలకి ఊగినప్పుడు సరుకు మీద దాని బరువులో 80 శాతం దాకా పక్కతోపు పడుతుందని లెక్కలోకి తీసుకోవాలి. కంటైనర్లలో సరుకు సర్దడానికి ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకం, నేలకి సమాంతరంగా ఏ దిశలోనైనా ఖాళీలన్నీ కలిపి 15 సెంటీమీటర్లు దాటకూడదంటుంది. మన పది పాలెట్ల అమరికలో వెడల్పున దాదాపు 15 సెంటీమీటర్లు, పొడవున ఒక వరసలో 30, రెండో వరసలో 50 సెంటీమీటర్ల దాకా మిగులుతుంది. పక్క ఖాళీలో రెండు వరసల మధ్య గాలిసంచులు పెట్టవచ్చు. తలుపు వైపు మాత్రం వద్దు. సంచి తలుపుని నేరుగా తోస్తుంది, అవతల సీల్ తెంచి గడియ తీసినవాడి మీదికి రెక్క విసురుగా తెరుచుకుంటుంది. అక్కడ ముద్ర ఉన్న చెక్కతో అడ్డుకట్టో, అడ్డంగా బిగించే బెల్టులో వాడాలి.

అపోహ: కంటైనర్ 28 టన్నులు మోస్తుంది, అంతా నింపెయ్యొచ్చు

ఇనుము మోస్తుంది, రోడ్డు ఒప్పుకోవాలి కదా. అమెరికా జాతీయ రహదారుల మీద లారీ, సరుకు అన్నీ కలిపి సాధారణ పరిమితి 80,000 పౌండ్లు, అంటే సుమారు 36.3 టన్నులు. కాబట్టి అవతలి రోడ్డు పరిమితిని కొనుగోలుదారు ద్వారా ముందే తెలుసుకోండి. 40 అడుగుల కంటైనర్‌లో జాగా రెట్టింపు అవుతుంది కానీ మోసే బరువు రెట్టింపు కాదు. పచ్చడి సీసాల్లాంటి బరువు సరుకుకి చాలాసార్లు 20 అడుగులదే సరైనది.

2016 జూలై 1 నుంచి నింపిన కంటైనర్ ధ్రువీకరించిన బరువు, అంటే వీజీఎం, ఇవ్వకపోతే ఓడ ఎక్కించరు. పెట్టెల బరువులు కూడి ఇచ్చేవాళ్ళు పాలెట్ చెక్కను మరిచిపోతారు. పాలెట్‌కి 20 నుంచి 25 కిలోలు వేసుకుంటే పదింటికి రెండు వందల కిలోల పైమాటే. ఆప్‌లు, సంచులు, ఖాళీ కంటైనర్ బరువు కూడా కలపాలి.

అపోహ: సీల్ వేశాక తడి లోపలికి రాదు

తడి లోపలే ఉంటుంది. చెక్కలో, అట్టలో, లోపలి గాలిలో. పగలు డెక్ మీద రేకు కాలి ఆ తేమ ఆవిరవుతుంది, రాత్రి పైకప్పు చల్లబడి నీటిబొట్లుగా సరుకు మీద పడుతుంది. కారప్పొడి గడ్డకట్టడం, లేబుళ్ళు ఊడిపోవడం దీనివల్లే. ఆరిన పాలెట్లు, గోడలకి వేలాడదీసే తేమపీల్చే సంచులు, పైన ఒక క్రాఫ్ట్ కాగితం పొర ఈ మూడూ కలిపి వాడాలి. వానపడుతున్న రోజు తలుపులు బార్లా తెరిచి స్టఫింగ్ చేస్తే ఏ సంచీ కాపాడలేదు.

అపోహ: నాలుగైదు పాలెట్లే కదా, ఎల్‌సీఎల్ చౌక

ఎల్‌సీఎల్ అంటే ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో పంపడం. కిరాయి చౌకగానే కనిపిస్తుంది. లెక్క మాత్రం ఘనపు మీటరుకో టన్నుకో, ఏది ఎక్కువైతే దానికి. పాలెట్ చెక్క ఎత్తు, బయటికి వచ్చిన అంచులు అన్నీ కొలతలోకి వస్తాయి. పైన చెప్పిన 400 × 300 పెట్టెల పాలెట్ 2.28 ఘనపు మీటర్లు, 420 × 320 పెట్టెలది 2.58. పాలెట్ మీద ఇంకో పాలెట్ పెట్టకూడదని రాస్తే పైనున్న ఖాళీకి కూడా డబ్బు అడగవచ్చు. అవతలి ఓడరేవు గోడౌన్ ఖర్చులు వేరే, అవి కొనుగోలుదారు నెత్తిన పడి రెండో ఆర్డర్ మీద ప్రభావం చూపుతాయి. కొటేషన్ అడిగేటప్పుడే రెండు చివర్ల ఖర్చులూ కాగితం మీద తీసుకోండి.

అపోహ: ఎఫ్ఓబీ అంటే కంటైనర్ అప్పగిస్తే మన బాధ్యత తీరింది, సీఐఎఫ్ అంటే పూర్తి బీమా

ఏ ఖర్చు ఎవరిది, నష్టం ఎక్కడిదాకా ఎవరిది అని చెప్పే అమ్మకపు షరతులివి. పై మాటలు రెండూ తప్పే. ఎఫ్ఓబీలో సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా నష్టం అమ్మినవాడిదే. సనత్‌నగర్ ఐసీడీలో (ఓడరేవుకి దూరంగా ఉండే కంటైనర్ డిపోలో) కంటైనర్ అప్పగించి, అది రైల్లో ముంబై దగ్గరి నవా షేవా రేవుకి చేరి, యార్డులో వారం ఉండి ఓడెక్కేలోపు ఏమైనా జరిగితే మనమే భరించాలి. కొనుగోలుదారు బీమా అప్పటికి మొదలై ఉండకపోవచ్చు. కంటైనర్ సరుకుకి ఎఫ్‌సీఏ (రవాణాదారుకి అప్పగించగానే అమ్మినవాడి బాధ్యత తీరే షరతు) తగినది. అలవాటు కొద్దీ ఎఫ్ఓబీ రాసేస్తుంటారు.

2020 ఇన్‌కోటర్మ్స్ (ఈ షరతుల అంతర్జాతీయ నియమావళి) ప్రకారం, అమ్మినవాడే ఓడ కిరాయి, బీమా కట్టే సీఐఎఫ్‌లో విడిగా ఒప్పుకోకపోతే అతను తీసుకోవాల్సింది ‘సీ’ (C) క్లాజు బీమా, అన్నిటికంటే తక్కువది. దొంగతనం, కంటైనర్‌లోకి సముద్రపు నీరు రావడం అందులో లేవు. సీఐఎఫ్ లాంటిదే అయిన సీఐపీలో మాత్రం, విడిగా ఒప్పుకోకపోతే, అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే ‘ఏ’ (A) క్లాజు తీసుకోవాలి. క్లాజు ఏదైనా సరే, ప్యాకింగ్ సరిగా లేనందువల్ల జరిగిన నష్టానికి చెల్లించరు. నలిగిన పెట్టెల క్లెయిమ్‌లో అడ్డుపడేది ఈ మాటే.

బీమాయే వద్దనుకునేవాళ్ళు 2021 మార్చి 23న సూయెజ్‌లో ఇరుక్కున్న ఎవర్ గివెన్‌ని గుర్తుచేసుకోండి. ఆ ఓడకి జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే తన సరుకు ఒక్క పెట్టె కూడా చెడకపోయినా ఓడను కాపాడిన ఖర్చులో వాటా కడతానని ప్రతి సరుకుదారూ హామీ ఇచ్చాకే కంటైనర్ చేతికి వస్తుంది. బీమా ఉంటే ఆ హామీ కంపెనీ ఇస్తుంది.

అపోహ: ఓడ 20న బయల్దేరితే 19కి సరుకు చేరిస్తే చాలు

ఓడ తేదీని పక్కన పెట్టి కటాఫ్‌లు (చివరి గడువులు) అడగండి. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) వివరాలకి ఒకటి, వీజీఎంకి ఒకటి, గేటు దాటడానికి ఒకటి ఉంటాయి. అమెరికాకి అయితే కొనుగోలుదారు సరుకు వివరాలను, ఓడకి ఎక్కించడానికి 24 గంటల ముందే అక్కడి కస్టమ్స్‌కి ఇవ్వాలి. కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారే సరుకుకి, అమెరికా వెళ్ళే ఓడ ఎక్కించే సమయాన్ని బట్టి ఈ గడువు లెక్క. ఆ వివరాల్లో చాలావరకు మన దగ్గరి నుంచే వెళ్ళాలి.

స్టఫింగ్ రోజున ఖాళీ కంటైనర్ లోపల ఒకరు నిలబడి, బయటున్న మనిషి చేత తలుపులు గడియ వేయకుండా దగ్గరికి వేయించి, రేకులో ఎక్కడైనా వెలుతురు చుక్క కనిపిస్తుందేమో చూడాలి. కనిపిస్తే ఆ కంటైనర్‌ని వెనక్కి పంపేయండి. తర్వాత ఖాళీగా, సగం నిండాక, పూర్తిగా నిండాక, సీల్ వేశాక ఫొటోలు తీయండి. సీల్ నంబరు, కంటైనర్ నంబరు ఫొటో చూసి షిప్పింగ్ బిల్‌తో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఒక్క అంకె తేడా వచ్చినా ఓడ వెళ్ళిపోయాక కస్టమ్స్ రికార్డుల్లో జత కుదరక ఐజీఎస్‌టీ (ఎగుమతి సరుకు మీద కట్టిన పన్ను) వాపసు ఆగిపోవచ్చు.