రక్తపరీక్షకు దొరకని పురుగు

గుంటూరు, బ్రాడీపేట

చిన్నీ, బుజ్జీ,

మీ క్లాసు అబ్బాయికి ఫిట్స్ వచ్చాయనీ, మెదడులో పురుగు ఉందన్నారనీ, రక్తపరీక్షలో మాత్రం ఏమీ రాలేదనీ రాశారు. పురుగుంటే పరీక్షకు ఎందుకు దొరకలేదని బుజ్జి అడిగాడు. ముప్ఫై ఏళ్లు ల్యాబులో పనిచేసిన తాతని అడగాల్సిన ప్రశ్నే అది.

అది బద్దెపురుగు పిల్ల. సరిగా ఉడకని పందిమాంసం తిన్నవాళ్ల పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మలంలో బయటపడతాయి. ఆ గుడ్లు నీళ్లలోనో, కడగని గోంగూరకో అంటుకుని ఇంకొకరి కడుపులోకి పోతే, పిల్లపురుగులు రక్తంలో పడి మెదడు దాకా వెళ్లి బుడగ కట్టుకుంటాయి. అందుకే మాంసం ముట్టని ఇంట్లోనూ ఈ జబ్బు వస్తుంది. వాళ్లింటి తిండి గురించి ఎవరైనా చెవులు కొరుక్కుంటే ఈ మాట గట్టిగా చెప్పండి.

ఇక పరీక్ష. రక్తాన్ని ట్యూబులో కాసేపు ఉంచితే గడ్డకడుతుంది, పైన లేత పసుపు సీరం తేరుతుంది. పురుగు మీదికి ఒళ్లు పంపిన యాంటీబాడీలు అందులోనే ఉంటాయి. పురుగు ప్రొటీన్లు ఎక్కించిన సన్నటి పట్టీని ఆ సీరంలో నానబెట్టి, తర్వాత రంగు వేస్తే, యాంటీబాడీలు పట్టుకున్నచోట గీతలు తేలతాయి. 1989లో అమెరికా శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని ప్రకటించారు. మెదడులో రెండో అంతకంటే ఎక్కువో బుడగలున్నవాళ్లలో నూటికి 98 మందిని అది పట్టింది. ఒక్క బుడగే ఉంటే మాత్రం చాలామందిని వదిలేస్తుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఆ ఒక్క బుడగే.

ఈ సంగతి నాకు బాగా తెలియని రోజుల్లో ఒక తల్లికి రిపోర్టు ఇస్తూ "ఏమీ లేదమ్మా" అన్నాను. ఆవిడ ఊపిరి పీల్చుకుని, స్కాన్ మానేసి పిల్లని ఇంటికి తీసుకెళ్లిపోయింది. నెల తిరక్కుండానే పిల్లకి మళ్లీ ఫిట్స్. అప్పుడు స్కాన్ తీస్తే బఠాణీగింజంత మచ్చ. ఆ తర్వాత ఎవరికీ ఆ మాట అనలేదు. "దీంట్లో రాలేదు, డాక్టరుగారికి చూపించండి" అనేవాణ్ణి.

తిరకాసు రెండోవైపూ ఉంది. పురుగు చచ్చాక కూడా యాంటీబాడీలు కొన్నాళ్లు ఉండిపోతాయి. గీత వచ్చినంత మాత్రాన ఇప్పుడు జబ్బుందని కాదు. అందుకే డాక్టర్లు స్కాన్ చూశాకే తేలుస్తారు.

వాడికి క్లాసులో మళ్లీ వస్తే తాళంచెవులు చేతిలో పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి టీచరుగారిని పిలవండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయమనండి.

సెలవులకి వచ్చేటప్పుడు వాణ్ణీ తీసుకురండి.

మీ తాతయ్య