మంచు లేని ఊళ్లో స్కీ సాధన

మంచు మీద ఎత్తుపల్లాల్లో దూరాలు సాగే క్రాస్‌కంట్రీ స్కీయర్లకు శిక్షణ సంవత్సరం మే నెలలో మొదలవుతుంది. నార్వేలో అదే లెక్క, జనవరి–ఫిబ్రవరిల్లో గుల్మార్గ్‌లో పోటీకి దిగాలనుకునే హైదరాబాద్ కుర్రాళ్లకూ అదే లెక్క. ఇక్కడ మంచు లేదన్నది అనుకున్నంత పెద్ద ఇబ్బందేమీ కాదు. 2018 పియాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో మన జగదీశ్ సింగ్ పాల్గొన్న 15 కిలోమీటర్ల పోటీని స్విట్జర్లాండ్‌ ఆటగాడు డారియో కొలోన్యా సుమారు 34 నిమిషాల్లో ముగించి గెలిచాడు. అంతసేపు సాగే పోటీలో శక్తి దాదాపు అంతా ఆక్సిజన్‌తోనే పుట్టాలి. అందుకు తగ్గ గుండెనూ కండరాలనూ తయారుచేసుకోవడానికి మంచుతో పనిలేదు. అసలు చిక్కల్లా నెమ్మదిగా వెళ్లడంలోనే.

వారానికి పది గంటల సాధన ఉంటే ఎనిమిది, తొమ్మిది గంటలు తేలికగానే సాగాలి. అంటే గరిష్ఠ హార్ట్ రేట్‌లో 60 నుంచి 72 శాతం. గరిష్ఠం 200 ఉన్న కుర్రాడికి 120–144 అన్నమాట. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టే. కానీ పొద్దున ఐదున్నరకు 140 దగ్గర మొదలుపెట్టినవాడు, వేగం ఏమాత్రం పెంచకపోయినా, ఏడుంబావుకల్లా 155కి చేరవచ్చు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమట వల్ల రక్తంలోని ద్రవమూ తగ్గుతుంది. దాంతో గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం తగ్గి, ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆటగాడేమో ఇవాళ గట్టిగా చేశానని సంబరపడతాడు. కోచ్ మాత్రం మొహమాటం లేకుండా వేగం తగ్గించమనాలి, ఎత్తు వస్తే నడిపించాలి. మే నెలలో వాచీలో కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూడకపోవడమే మంచిది. ఎండ ఒంటికి అలవాటు కావడానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఆలోగా ఇంటర్వెల్స్ (మధ్యమధ్య విరామమిస్తూ గట్టిగా చేసే సాధన) జోలికి పోవద్దు. అలవాటయ్యాక రక్తద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే పడుతుంది, అదే వేగానికి పల్స్ దిగివస్తుంది.

నీళ్ల లెక్కకు బాత్రూం తూకం చాలు. సాధనకు ముందూ తర్వాతా ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోవాలి. మధ్యలో తాగిన నీటిని కలుపుకుంటే, తగ్గిన ప్రతి కిలో ఇంచుమించు లీటరు చెమట. 65 కిలోల మనిషి 1.3 కిలోలకు మించి తగ్గాడంటే దారిలో తాగింది చాలలేదని అర్థం. పోయినదానికి ఒకటింబావు నుంచి ఒకటిన్నర రెట్లు, కొన్ని గంటల్లో కొంచెం కొంచెంగా తాగాలి. వట్టి నీళ్లకన్నా ఉప్పు వేసిన మజ్జిగ మేలు.

ఇక రోలర్ స్కీలు, అంటే రోడ్డు మీద సాధనకు వాడే చక్రాల స్కీలు. క్లాసిక్ (స్కీలు సమాంతరంగా ఉంచి నడిచినట్టు సాగే పద్ధతి) రోలర్ స్కీలో ఒక చక్రానికి రాచెట్ ఉంటుంది, అది ముందుకే తిరుగుతుంది. కాలితో ఎప్పుడు తన్నినా పట్టు దొరుకుతుంది. దీనివల్లే ఒక చెడ్డ అలవాటు పట్టుకుంటుంది. మంచు స్కీ విల్లులా వంగి ఉంటుంది. పాదాలు రెండూ పక్కపక్కకు వచ్చిన క్షణంలో బరువంతా ఒక కాలి మీద పడితేనే దాని మధ్యభాగం మంచును తాకి పట్టు ఇస్తుంది. రాచెట్ మీద మాత్రం కాలు వెనక్కి పోయాక తన్నినా సాగిపోతుంది. ఆరు నెలలు అలా తన్నినవాడు గుల్మార్గ్‌లో మొదటి ఎత్తు దగ్గరే వెనక్కి జారతాడు. కోచ్ పక్కనుంచి ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీసి, తన్ను మొదలైనప్పుడు పాదం తుంటి కిందే ఉందో లేదో చూడాలి. పోల్స్ (చేతికర్రలు) లేకుండా స్వల్ప ఎత్తులో పది నిమిషాలు నడిపిస్తే తప్పు ఇట్టే బయటపడుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్‌కు పైకప్పు ఉంది, నేల నున్నగా ఉంటుంది. అది సైకిళ్ల కోసం వేసింది కాబట్టి ముందే అనుమతి అడగాలి. దాని వెడల్పు 4.5 మీటర్లే. స్కేటింగ్‌లో (కాళ్లను పక్కలకు తన్నుతూ సాగే పద్ధతి) కాళ్లూ పోల్సూ కలిసి రెండు మీటర్లకు పైగా జాగా తీసుకుంటాయి, ఎదురుగా సైకిల్ వస్తే ఇబ్బందే. అక్కడ డబుల్ పోలింగ్, అంటే రెండు పోల్స్‌నూ ఒకేసారి గుచ్చి నెట్టుకుంటూ సాగడం, సరిపోతుంది. అయితే మంచులా తారు కుదుపును పీల్చుకోదు, దెబ్బంతా మోచేతికే. మొదట్లో 20 నిమిషాలు చాలు, తర్వాత వారం వారం కొంచెం పెంచాలి. పోల్ మొన మొద్దుబారితే జారుతుంది, అది భుజం లాగేస్తుంది. కార్బైడ్ మొన కాబట్టి డైమండ్ ఆకురాయితో పదును పెట్టాలి, మామూలు ఆకురాయి దాని మీద పనిచేయదు. ఎండకు వేడెక్కిన రబ్బరు చక్రాలు మరింత తేలిగ్గా దొర్లుతాయి, అందుకే నెమ్మది రకం చక్రాలే కొనాలి.

ఈ స్కీలకు సాధారణంగా బ్రేకులుండవు. జూబ్లీహిల్స్ ఎత్తులు ఎక్కడానికి బాగుంటాయి, దిగేటప్పుడు మాత్రం స్కీలు విప్పి చేత పట్టుకుని నడవాలి. హెల్మెట్, గ్లవ్స్ లేకుండా సాధన వద్దు. జూన్‌లో వానలు మొదలయ్యాక తడిసిన రోడ్డు మీది తెల్లగీతల మీద చక్రాలు సర్రున జారతాయి. ఆ రోజుల్లో రోలర్ స్కీలు పక్కన పెట్టి, క్లాసిక్ పోల్ కన్నా కాస్త పొట్టి పోల్స్‌కు రబ్బరు తొడుగులు వేసుకుని, ఏదైనా ఎత్తు మీద పోల్స్‌తో నడక సాధన చేయాలి. పల్స్ లెక్క అక్కడా 144 లోపే.